రిలేకు ఇటూ అటూ

అధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. ఇంజనీర్ల దినోత్సవం నాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని, 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదుకు ఆయన చేసిన మేలును తలచుకోవడం ఆనవాయితీ. నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు ఆ పని చక్కగా చేశారు కనుక నేను నేరుగా విషయంలోకి వస్తాను.

ఇందాక మీ ప్రాజెక్టులు చూశాను. సెల్‌ఫోనుతో వెలిగే బల్బులు, నేల తడిని బట్టి నడిచే మోటార్లు. ఇంచుమించు ప్రతి బల్ల మీదా అదే నీలం రంగు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంపే స్విచ్చి. బల్బు వెలగగానే అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అయితే వెలిగించడం ఇందులో తేలికైన భాగం. 5 వోల్టుల వైపును 230 వోల్టుల వైపు ఎప్పటికీ తాకకుండా చూడడమే కష్టమైన భాగం, దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

మీరు ప్రోగ్రాము ఎక్కించే చిన్న బోర్డు ఆర్డ్యూనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు, ఆ రిలేను కదిలించే తీగ చుట్టకు, అంటే కాయిలుకు, 70 దాకా కావాలి. అందుకే నడుమ ఆ కరెంటును మోసే ట్రాన్సిస్టరు, ఆపినప్పుడు కాయిలు విసిరే వోల్టేజీని అణిచే డయోడు దానికి అడ్డంగా పెడతారు. ఇది మీ అందరికీ తెలిసినదే. ఇప్పుడు ఆ రిలేను తిరగేసి కాళ్లను చూడండి. ఒక చివర మూడు కాళ్లుంటాయి: అటూ ఇటూ ఉన్నవి కాయిలువి, సరిగ్గా వాటి నడుమ ఉన్నది కామన్, అంటే మీరు ఫేజు తెచ్చి కలిపే కాలు. మీ ఆర్డ్యూనోలోని మైక్రోకంట్రోలరుకూ, శిఖరాన 325 వోల్టులకు చేరే కరెంటుకూ మధ్య ఉన్న ఎడం కొన్ని మిల్లీమీటర్లే. ఆ ఎడంలో సోల్డరింగు జిగురు మిగిలినా, దుమ్ము చేరి చెమ్మ పట్టినా కరెంటుకు దారి దొరుకుతుంది. శ్రద్ధగా చేసిన బోర్డులలో ఆ కాలి చుట్టూ గాడి కోసి ఉంటుంది. సంకేతాన్ని తీగతో కాక వెలుగుతో దాటించే ఆప్టోకప్లరు ఉందిగదా అని కొందరు నాతో అన్నారు. రిలే మాడ్యూలు అంచున రెండు పిన్నులను కలిపే చిన్న జంపరును తీయకుండా ఒకే సప్లయిని ఆప్టోకప్లరుకు రెండు వైపులా ఇచ్చినప్పుడు అది పేరుకే ఉన్నట్టు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మా బంధువుల పొలంలో బోరు మోటారును తనంతట తానే ఆపే పెట్టె ఒకటి బిగించారు. తొట్టి నిండిందో లేదో తెలుసుకోవడానికి దాని నుంచి రెండు తీగలు నీళ్లలోకి దింపారు. ఒకనాడు గేదె ముట్టెను నీళ్లకు ఆనించి ఒక్క ఉదుటున వెనక్కి దూకింది. మోటారు బాడీకి ఎర్తు పోయిందని అందరూ అనుకున్నారు. మోటారు ఆపి చూసినా, తొట్టిలోకి దిగిన తీగకు టెస్టరు ఆనిస్తే వెలుగుతూనే ఉంది. "అవి 5 వోల్టులేగదా బాబాయ్, షాపతను చెప్పాడు" అన్నాడు మా వాడు. నిజమే, రెండు తీగల మధ్య మీటరు 5 చూపించింది. ఒక తీగకూ నేలకూ మధ్య పెడితే 220 దాటింది.

పెట్టె విప్పితే ట్రాన్స్‌ఫార్మరు లేదు. ఒక కెపాసిటరుతో వోల్టేజీని తగ్గించి, డయోడులతో సరిచేసి, ఖర్చు మిగుల్చుకున్నారు. అలాంటి సప్లయిలో 5 వోల్టుల వైపు నేరుగా మెయిన్సుకే కట్టేసి ఉంటుంది. న్యూట్రల్‌కు కట్టి ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు. స్టార్టరు డబ్బాలో ఎవరో వైర్లు తారుమారు చేసిన రోజున ఆ తీగ ఫేజు అవుతుంది. మీలో ఎవరి ప్రాజెక్టులోనైనా అలాంటి సప్లయి ఉంటే దయచేసి ఈరోజే తీసేయండి. రెండు చుట్లూ విడివిడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరో, నాణ్యమైన అడాప్టరో పెట్టండి. లైనులో 30 మిల్లీ ఆంపియర్లు నేలకు కారితే పడిపోయే బ్రేకరు, అంటే ఆర్‌సీసీబీ, ఉంచండి. నీళ్లలోకి దిగే తీగ విషయంలో పొదుపు వద్దు. మళ్లీ చెబుతున్నాను, వద్దు.

మోటార్ల మాట వచ్చింది కనుక ఇది కూడా చెబుతాను. రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉన్నా, ఆ లెక్క హీటరు వంటి వాటికి వర్తిస్తుంది. మోటారు కదిలే క్షణంలో మామూలుకంటె ఐదారు రెట్లు లాగుతుంది గనుక, మీ రిలే కాంటాక్టరు, అంటే మోటార్ల కోసం చేసిన పెద్ద రిలే, దాని కాయిలును మాత్రమే నడపాలి, మోటారును కాంటాక్టరు నడపాలి. ట్రయాకులు, సాలిడ్ స్టేట్ రిలేలు అనే, కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్చిలు చప్పుడు లేకుండా పనిచేస్తాయి, కానీ చెడిపోయినప్పుడు అవి తరచుగా ఆన్‌లోనే ఉండిపోతాయి. ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కొద్దిపాటి కరెంటు కారుతూనే ఉంటుంది. వాటిని నమ్మి బల్బు హోల్డరులో వేలు పెట్టేవారు ముందు మెయిన్ స్విచ్చి దింపాలి. న్యూట్రల్‌ను తెంపి ఫేజును వదిలేసిన ప్రాజెక్టులు కూడా నాకు రెండు కనిపించాయి. వాటిలో బల్బు ఆరిపోయినా హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. ఆ పిల్లల పేర్లు చెప్పను, వారికి అర్థమయ్యే ఉంటుంది.

న్యాయనిర్ణేతలకు ఒక విన్నపం. ఫలితాలు ప్రకటించేముందు ప్రతి బోర్డునూ తిరగేసి చూడండి. రెండు వైపుల మధ్య ఎడానికి, మూత ఉన్న డబ్బాకు, ఫ్యూజుకు కూడా మార్కులు వేయండి, యాప్ అందానికి వేసే వాటిలోంచి కొన్ని తగ్గించినా ఫరవాలేదు. విద్యార్థులు ప్లగ్గులు తీసి సిద్ధంగా ఉండండి. భోజనాలకు ముందే మీటరు పట్టుకుని నేనూ న్యాయనిర్ణేతలతో వస్తాను.