గిర్నికి బస్తా ఇచ్చి వచ్చినట్టు
(నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, కంప్యూటర్ సార్లకు, మేడమ్‌లకు, ముందు బెంచీలు ఖాళీగా వదిలేసి వెనక సర్దుకుని కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

"మెయిన్‌ఫ్రేమ్ గురించి ఏదైనా చెప్పండి, పిల్లలకు ఉద్యోగాలకు పనికొస్తుంది" అని నన్ను పిలిచారు. మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకుల్లాంటి చోట్ల లెక్కలు నడిపే భారీ కంప్యూటర్. ఉద్యోగాల సంగతి చివర్లో ఎవరైనా అడిగితే చెప్తాను. ఈ గంటసేపు నేను మాట్లాడేది చాలా చిన్న విషయం. ఒక టూల్‌ను ఇన్‌స్టాల్ చేయడం అంటే ఏమిటి? నవ్వకండి. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అని నొక్కితే అయిపోయిందనుకుంటాం. ఏ ఫైలు ఎక్కడికి పోయింది, అక్కడ అంతకుముందు ఏముండేది, వద్దనుకుంటే మళ్లీ పాత స్థితికి ఎట్లా రావాలి అని అడిగితే మనలో చాలామంది నోరు తెరవలేం. నేనూ తెరవలేకపోయాను, అదీ రాత్రి రెండు గంటలకు ఫోన్లో.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. కంపెనీ పేరు వద్దు లెండి. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే ఒక సర్వర్‌లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్ పెట్టమన్నారు. సోర్స్ కోడ్ తెచ్చాను, దాన్ని ఆ మెషీన్‌కు సర్దే కాన్ఫిగర్ నడిపాను, కోడ్‌ను ప్రోగ్రామ్‌గా కట్టే మేక్ అన్నాను, అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌గా మేక్ ఇన్‌స్టాల్ అన్నాను. ఎక్కడ పెట్టాలో నేను చెప్పలేదు కాబట్టి అది తన అలవాటు ప్రకారం యూఎస్ఆర్ లోకల్ అనే ఉమ్మడి ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంది. అక్కడ అంతకుముందే ఒక పాత పెర్ల్ ఉంది. రాత్రి బిల్లింగ్ స్క్రిప్టులన్నీ దాని మీదే నడుస్తున్నాయి. దాని కోసం కట్టిన మాడ్యూళ్లు కొత్తదానికి పనికిరావు. సాయంత్రం ఆరింటికి గర్వంగా ఇంటికి పోయాను, రాత్రి రెండింటికి ఆ ఫోన్. పాతదాని కాపీ నేను తీసిపెట్టుకోలేదు. టేపు తెప్పించి, బ్యాకప్ దింపి, తెల్లారేసరికి ఎట్లాగో నిలబెట్టారు. మా మేనేజరు ఒక్క మాట అనలేదు. ఆయన తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

కాన్ఫిగర్‌కు ప్రిఫిక్స్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. దానికి మీ హోమ్ డైరెక్టరీలో ఒక ఫోల్డర్ పేరు ఇస్తే, ఆ టూల్ మొత్తం ఆ ఫోల్డర్‌లోనే దిగుతుంది. రూట్ అక్కర్లేదు, ఎవరి టూల్స్‌నూ తొక్కదు. నచ్చకపోతే ఫోల్డర్ తీసేస్తే చాలు. ఆ తర్వాత పాత్ అనే వేరియబుల్‌లో దాని అడ్రసు ముందు చేర్చాలి. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడు "మల్లయ్య ఇల్లెక్కడ" అని అడిగితే, మొదట తగిలిన మల్లయ్య ఇంటికే తీసుకుపోతారు కదా, పాత్ కూడా అంతే. వరుసలో ముందున్న డైరెక్టరీలో ఆ పేరుతో ఏది దొరికితే అదే నడుస్తుంది. కాబట్టి కొత్త టూల్ పెట్టగానే చేయాల్సిన మొదటి పని దాన్ని నడపడం కాదు, 'విచ్' అనే కమాండ్‌తో ఏ మల్లయ్య పలుకుతున్నాడో చూసుకోవడం.

ఇదంతా చేయడానికి సర్వర్ ఎక్కడిది అంటారు. మీ లాప్‌టాప్ విండోస్ 10 లేదా 11 అయితే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డబ్ల్యూఎస్ఎల్, హైఫన్ హైఫన్ ఇన్‌స్టాల్ అని కొట్టండి. ఒకసారి రీస్టార్ట్ చేశాక విండోస్ లోపలే ఉబుంటు లినక్స్ వస్తుంది, అది యూనిక్స్ లాంటిదే. అందులో ప్యాకేజీలు దింపే ఆప్ట్ కమాండ్‌తో బిల్డ్ ఎసెన్షియల్ అనే ప్యాకేజీ దింపితే సీ భాషను మెషీన్ భాషలోకి మార్చే జీసీసీ కంపైలర్, మేక్ రెండూ వస్తాయి. కోడ్‌లో మార్పులు గుర్తుపెట్టుకునే గిట్, తప్పులు వెతికే జీడీబీ విడిగా దింపుకోవాలి. డేటా ప్యాక్ అయిపోతుందని భయముంటే హాస్టల్ వైఫైలో తెల్లవారుజామున చేసుకోండి.

రెండు చోట్ల అందరూ తప్పకుండా తడబడతారు. ఒకటి, నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్టును లినక్స్‌లో నడపబోతే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' లాంటి ఎర్రర్ ఇస్తుంది. మీరు రాసినదాంట్లో తప్పుండదు. విండోస్ ప్రతి లైను చివర రెండు గుర్తులు పెడుతుంది, యూనిక్స్ ఒకటే పెడుతుంది. ఆ ఎక్కువైన గుర్తు కంటికి కనబడదు. డాస్‌టుయూనిక్స్ అనే చిన్న టూల్ దాన్ని తీసేస్తుంది. రెండోది, మేక్ ఏం చేయాలో రాసిపెట్టే మేక్‌ఫైల్‌లో కమాండ్ ముందు ట్యాబ్ ఉండాలి, స్పేసులు పనికిరావు. బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్ రాశాడు. ట్యాబ్ పెట్టడం పొరపాటని కొన్ని వారాల్లోనే అర్థమైందట గానీ, అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, వాళ్లకు ఇబ్బంది ఎందుకని వదిలేశాడట. ఆ డజను మంది మొహమాటానికి యాభై ఏళ్లుగా లోకమంతా ట్యాబ్ కొడుతోంది.

ఇప్పుడు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్‌ల మీద నడిచే పాత ప్రోగ్రామింగ్ భాష. అదే ఉబుంటులో గ్నూకోబాల్ అనే ప్యాకేజీ దింపుకోండి. అది మీ కోబాల్‌ను ముందు సీ భాషలోకి మార్చి, తర్వాత జీసీసీ చేత కంపైల్ చేయిస్తుంది. ఉచితం. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మెయిన్‌ఫ్రేమ్ కోర్సు అని చెప్పి మా చిన్నాన్న కొడుకు దగ్గర వేలల్లో తీసుకుని, మూడు నెలలు ప్రింటవుట్ల మీద కోబాల్ చదివించారు. వాడు ఒక్క ప్రోగ్రామ్ కూడా నడపలేదు. ఈత నేర్పుతామని సాగర్ డ్యామ్ ఫొటో చూపించినట్టు.

కోబాల్ పాత పద్ధతిలో, ఒకప్పుడు రంధ్రాలు కొట్టి ప్రోగ్రాములు ఎక్కించిన 80 గడుల పంచ్ కార్డు ఇంకా బతికే ఉంది. మొదటి ఆరు గడులు లైను నంబరుకు. ఏడో గడిలో నక్షత్రం గుర్తు పెడితే ఆ లైను కామెంట్. డివిజన్లు, పేరాల పేర్లు ఎనిమిదో గడి నుంచి, ఆజ్ఞలు 12 నుంచి 72 దాకా. 72వ గడి దాటింది కంపైలర్ కంటికి ఆనదు. ఒక లెక్క చివర 1500 రాశారనుకోండి. ఆఖరి సున్నా, దాని పక్కన చుక్క 72 దాటిపోతే కంపైలర్ దాన్ని 150 అనుకుంటుంది, ఒక్కోసారి చప్పుడు కూడా చేయదు. గ్నూకోబాల్‌కు ఫ్రీ అనే ఆప్షన్ ఇస్తే ఈ గడుల గొడవ ఉండదు. అయినా మొదటి పది ప్రోగ్రాములు గడులు లెక్కపెట్టుకునే రాయమంటాను. బ్యాంకుల్లో మీకు కనబడేది ఆ గడుల కోడే.

ఇక అసలు మెయిన్‌ఫ్రేమ్. యూనిక్స్ మన ఇంట్లో మిక్సీ లాంటిది. మీరే వేస్తారు, మీరే పక్కన నిలబడతారు, చప్పుడు మారితే మీరే ఆపుతారు. మెయిన్‌ఫ్రేమ్ గిర్ని. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. చిన్నప్పుడు మా అమ్మ జొన్నలో, మిరపకాయలో సంచిలో పోసి నన్ను గిర్నికి పంపేది. గిర్ని పెద్దమనిషికి నాలుగు సంగతులు చెప్పి రావాలి. సంచి ఎవరిది, ఏ మరలో పట్టాలి, పట్టాల్సింది ఏ సంచిలో ఉంది, పట్టింది ఏ సంచిలో పోయాలి. చెప్పేసి ఇంటికి రావడమే. సాయంత్రం పోతే పిండి ఉంటుంది, లేదా ఎందుకు పట్టలేదో ఆయన చెప్తాడు.

మెయిన్‌ఫ్రేమ్‌కు పని అప్పజెప్పే భాష జేసీఎల్. జేసీఎల్ అంటే ఆ చెప్పి రావడమే. రెండు గీతలు గీసి జాబ్ అని రాస్తే సంచి ఎవరిదో చెప్పినట్టు. ఎగ్జెక్ అంటే ఏ మర. డీడీ అంటే సంచులు. అందులో డిస్ప్ అనే మాట చూసి అందరూ బెదురుతారు. న్యూ, క్యాటలాగ్, డిలీట్ అని వరసగా మూడు రాస్తే అర్థం ఇది: కొత్త సంచి తీసుకో, పిండి బాగా వస్తే నా పేరు రాసి వరసలో పెట్టు, మధ్యలో మర ఆగిపోతే ఆ సంచి పారెయ్. మీరు అక్కడ ఉండరు కాబట్టి చెడిపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్పి రావాలి. మనుషులకు ఇట్లా చెప్పి వచ్చే అలవాటు నాకు ఇప్పటికీ లేదనుకోండి, అది వేరే సంగతి.

జాబ్ చెడిపోతే అబెండ్ అంటారు, ఒక నంబరు ఇస్తారు. మీరు పేర్కొన్న మర గిర్నిలో లేకపోతే ఎస్806. సంచి చిన్నదై పిండి పొంగిపొర్లితే బీ37. ఆపరేటరు మధ్యలో ఆపేస్తే ఎస్222. అన్నిటికన్నా ఎక్కువ చూసేది ఎస్0సీ7, జొన్నల్లో రాయి. అంకె ఉండాల్సిన గడిలో అంకె కానిది, ఎక్కువగా ఉత్త ఖాళీ, వచ్చి పడితే ఇదొస్తుంది. రాత్రి డ్యూటీలో ఎస్0సీ7 చూస్తే టెన్షన్ పడకండి. ప్రోగ్రామ్ జోలికి పోకముందు ఆ రోజు వచ్చిన ఇన్‌పుట్ ఫైలు చూడండి, రాయి ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

ఈ గిర్నిని కూడా మీ లాప్‌టాప్‌లో పెట్టుకోవచ్చు. హెర్క్యులీస్ అని ఒక ఎమ్యులేటర్, అంటే మెయిన్‌ఫ్రేమ్‌లా నటించే ప్రోగ్రామ్, ఉంది. రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టాడు. ఇప్పటి మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్ ఓఎస్‌ను లైసెన్సు లేకుండా దాని మీద నడపకూడదు. దాని తాత లాంటి ఎంవీఎస్ 3.8ను మాత్రం అందరూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అన్నీ సర్ది పెట్టిన టీకే4 మైనస్ అనే కట్ట దింపుకుంటే, జిప్ విప్పి స్టార్ట్ స్క్రిప్ట్ నడపడమే. దీనికి కావాల్సిన మెమరీ 16 ఎంబీ. జీబీ కాదు, ఎంబీ. ఆ కాలపు అడ్రసులు 24 బిట్లవి, అంతకు మించి అందవు. ఎక్స్3270 లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్‌తో కనెక్ట్ అయితే నల్ల తెర మీద పచ్చ అక్షరాలు వస్తాయి. అందులోని కోబాల్ చాలా పాతది. షరతు ముగిసిందని చెప్పే ఎండ్ ఇఫ్ అనే మాట 1985 ప్రమాణంతో వచ్చింది కాబట్టి దానికి తెలియదు, చుక్క పెట్టే ముగించాలి. అసలైన జెడ్ ఓఎస్ ముట్టుకోవాలంటే ఐబీఎం వాళ్ల జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో నమోదు చేసుకోండి, ఉచితమే. అక్కడ వీఎస్ కోడ్‌కు జోవీ అనే ఎక్స్‌టెన్షన్ తగిలించి, మీకు అలవాటైన ఎడిటర్‌లోంచే జాబ్ పంపవచ్చు.

రెండు లోకాల మధ్య ఫైళ్లు మోసేటప్పుడు ఒక గండం ఉంది. యూనిక్స్‌లో పెద్ద ఏ అక్షరం విలువ 65. మెయిన్‌ఫ్రేమ్ అక్షరాలకు వాడే ఎబ్సిడిక్ అనే కోడ్‌లో 193. అందులో ఐ తర్వాత వెంటనే జే రాదు, మధ్యలో ఖాళీ ఉంటుంది. సార్ట్ చేస్తే యూనిక్స్‌లో అంకెలు ముందు, అక్షరాలు తర్వాత. మెయిన్‌ఫ్రేమ్‌లో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. ఒకే ఓటర్ల జాబితా రెండు చోట్లా సార్ట్ చేస్తే ఇంటి నంబర్లు రెండు వేర్వేరు వరుసల్లో వస్తాయి. జెడ్ ఓఎస్ లోపల ఒక యూనిక్స్ కూడా ఉంది. దానికి ఒక టూల్ ప్యాకేజీని ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీలో పంపుతూ బైనరీ అని, అంటే ఉన్నదున్నట్టు పంపమని, చెప్పడం నేను మరిచిపోయాను. దారిలో అది అక్షరాలనుకుని ప్రతి బైటునూ మార్చేసింది. రెండు రోజులు డౌన్‌లోడ్ చెడిపోయిందనుకుని మళ్లీ మళ్లీ దింపాను. ఫైలు సైజు మాత్రం ప్రతిసారీ సరిగ్గానే ఉండేది, అదే నన్ను ముంచింది.

మెయిన్‌ఫ్రేమ్‌లో సిస్టమ్ టూల్స్ పెట్టే పద్ధతి నాకు అన్నిటికన్నా ఇష్టం. దాని పేరు ఎస్ఎంపీఈ. మన దగ్గర బోరుకు కొత్త మోటారు దింపినా పాతదాన్ని అదే రోజు అమ్మేయం. షెడ్డులో పెట్టి, కొత్తది ఒక పంట నీళ్లు పోశాక చూస్తాం. ఎస్ఎంపీఈలో రిసీవ్ అంటే మోటారు ఇంటికి తేవడం. అప్లై అంటే బోరులో దింపడం. నచ్చకపోతే రీస్టోర్ అంటే చాలు, పాతది తిరిగొస్తుంది. అంతా బాగుందని తేలాకే యాక్సెప్ట్ అంటారు. ఆ తర్వాత ఆ దారిన వెనక్కి రాలేరు. అప్లైకి ముందు చెక్ అని రాస్తే, ఏదీ ముట్టుకోకుండా దింపితే ఏమవుతుందో చెప్తుంది. ఆ రోజు పెర్ల్ పెట్టేటప్పుడు నాకు చెక్ అని చెప్పేవాళ్లు లేరు.

ఇక ల్యాబ్‌కు పోదాం. ప్లగ్గులు నాలుగే ఉన్నాయి, ఛార్జింగ్ తక్కువున్నవాళ్లు గోడ పక్కన కూర్చోండి. మీరు పంపబోయే మొదటి జాబ్ ఐఈఎఫ్‌బీఆర్14 అనే ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. అది ఏమీ చేయదు. ఏమీ చేయకుండా ఉండడమే దాని పని. మొదట్లో అందులో ఒకే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఉండేది, వెనక్కి వెళ్లు అని. దాంట్లోనూ బగ్ దొరికింది. 15వ రిజిస్టర్ అనే గడిని సున్నా చేయకుండా వెళ్లిపోవడంతో, పని ఎట్లా ముగిసిందో చెప్పే రిటర్న్ కోడ్‌గా ఏదో చెత్త నంబరు వచ్చేది. సున్నా చేసే ఇన్‌స్ట్రక్షన్ ఒకటి కలిపి బాగుచేశారు. ఎవరికి 0000 వచ్చిందో చేయి ఎత్తండి. రానివాళ్ల దగ్గరికి నేనే వస్తాను, లైను చివర ఏముందో కలిసి చూద్దాం.