కట్టెల అడితిలో దొరికే కలాలు

సభకు నమస్కారం. లేత్ మీద, అంటే కొయ్యను గిర్రున తిప్పే యంత్రం మీద, చెక్క పెన్నులు చేస్తానని కడపలో ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎర్రచందనంతోనేనా?" ఆ సందేహం ముందే తీర్చేస్తాను. కాదు. మన శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ వైపు, అంటే తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప, సహజంగా మరెక్కడా పెరగని చెట్టు అది. అంతరించే ముప్పున్న జంతువులు, మొక్కల విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాలో 1995 నుంచి ఉంది. పెన్నుకు వేలెడు ముక్క చాలు కదా అంటారు. పత్రాలు లేకపోతే వేలెడు ముక్కకైనా కేసు తప్పదు. అటవీశాఖ వేలంలో కొన్న సరుకుకు రసీదు చూపగలిగినవారు నిశ్చింతగా చేసుకోవచ్చు. నాకు మాత్రం ఆ అవసరం కనిపించలేదు. అంతకన్నా చూడముచ్చటైన కలప మన ఊళ్లో రోజూ పొయ్యిలోకి పోతోంది.

కట్టెల అడితికి వెళ్లి ముసలి చింతదుంగ అడగండి. పైన లేతపసుపు చెక్క, నడుమ ఊదా కలిసిన ముదురు గోధుమరంగు చేవ. ఆ రెండూ కలిసే చోట కోసిన ముక్కతో చేసిన పెన్ను ఒకవైపు తెల్లగా, ఒకవైపు నల్లగా వస్తుంది. కష్టం లేదని చెప్పను. చింతచేవ ఉలి పదును తినేస్తుంది, మాటిమాటికీ సాన పట్టాలి. నల్లతుమ్మ బరువైనది, ఎర్రగోధుమ రంగు. బండిచక్రాలకు, నాగళ్లకు మన పెద్దలు దాన్ని ఊరికే ఎంచుకోలేదు. వేప బాగానే తిరుగుతుంది కానీ నారలు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి, తొందరపడితే పెచ్చులు లేస్తాయి. బిల్లుడు చెట్టు కలప పట్టులా మెరుస్తుంది. దాని పొడి మాత్రం కొందరి చర్మానికి పడదు. అసలు ఏ చెక్క పొడీ ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు లేకుండా ఈ పనికి దిగవద్దు.

కలప దొరకడం తేలిక, ఆరడమే కష్టం. మన ఎండలు నలభై డిగ్రీలు దాటతాయి కనుక మిద్దె మీద పడేస్తే వారంలో ఆరిపోతుందని అందరూ అనుకుంటారు. ఆరేది చివర్లే. లోపల తడి అలాగే ఉంటుంది. చివర్లు ముందుగా కుంచించుకుపోయి నిలువునా చీలతాయి. అందుకే కోసిన రోజే రెండు చివర్లకూ కరిగించిన మైనం పూసి, నీడలో గాలి ఆడేచోట పెట్టాలి. ముక్క మీద తేదీ, బరువు రాసి, వారానికోసారి వంటింటి కాటా మీద తూచాలి. బరువు తగ్గడం ఆగిపోతే ఆరినట్టు. ఇంత పట్టింపు ఎందుకంటే, పెన్ను లోపల ఇత్తడి గొట్టం ఉంటుంది. ఇత్తడి కుంచించుకోదు. పచ్చిచెక్కను దాని మీద అతికిస్తే, ఆరిన కొద్దీ బిగుసుకుని, ఏ నడివేసవిలోనో జేబులోనే పగులుతుంది.

పని మొదలుపెట్టేవారికి సన్నని బాల్‌పెన్ కిట్ చాలు. అందులో 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాలు రెండు, ఒక్కొక్కటి సుమారు 53 మిల్లీమీటర్ల పొడవు. చెక్కముక్కకు నిలువునా రంధ్రం వేసేటప్పుడు డ్రిల్‌ను తరచూ వెనక్కి తీసి పొట్టు దులపాలి. లేకపోతే లోపల వేడెక్కి ముక్క చీలుతుంది. గొట్టాన్ని ఉప్పు కాగితంతో గరుకు చేసి అతికించి, చివర్లను గొట్టానికి సరిగ్గా లంబంగా చెక్కాలి. తర్వాత ఇనుప కడ్డీకి ఎక్కించి లేత్‌లో బిగిస్తాం. ఆ బిగింపు మితిమీరితే కడ్డీ వంగి పెన్ను గుండ్రంగా కాక కోలగా వస్తుంది. అయినా చాలామంది నేరాన్ని ఉలి మీదికే నెడతారు!

చెక్కడం చూడటానికి అందంగా ఉంటుంది కానీ దాని గురించి చెప్పేది తక్కువే. నిమిషానికి రెండు మూడు వేల చుట్లు, పదునైన ఉలి, తేలికైన చెయ్యి. చివరికి గొట్టం మీద మిగిలే చెక్క మందం కొన్నిచోట్ల మిల్లీమీటరు కూడా ఉండదు. ఇందాక నాకు కప్పిన శాలువా గౌరవమైనదే, లేత్ దగ్గర మాత్రం ప్రాణాంతకం. కండువా, జారిన చీరకొంగు, విరబోసిన జుట్టు, పొడుగు చేతుల చొక్కా, దేన్నైనా అది లాగేసుకుంటుంది.

నునుపు తేలాక మెరుగు. ఇందులో రెండు పక్షాలున్నాయి. సూపర్ గ్లూ పొరలు పూసి గాజులా మెరిపించేవారు ఒకవైపు. అది గట్టిగా నిలుస్తుంది, కాదనను. కానీ పట్టుకుంటే ప్లాస్టిక్‌లా ఉంటుంది, చెక్క స్పర్శ చేతికి అందదు. నేను లక్క పక్షం. ఏటికొప్పాక బొమ్మల కళాకారులు తిరిగే కొయ్యకు లక్కకడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే అది కరిగి పట్టుకుంటుంది. పెన్నుకు నేను పలుచని షెల్లాక్ వాడతాను. అదీ లక్కే. చేతి చెమటకు ఏడాదిలో మాసిపోతే మళ్లీ పూసుకుంటాను.

ఒక్క మాట ఒప్పుకోవాలి. మనం చేసేది పెన్నుకు పైతొడుగు మాత్రమే. రీఫిల్, దాన్ని తిప్పే యంత్రం, క్లిప్పు కిట్‌లో వస్తాయి. రాజమహేంద్రవరంలో రత్నం పెన్నులవారి పని వేరు. గంధకంతో గట్టిపరచిన రబ్బరు, అంటే ఎబొనైట్ కడ్డీని లేత్ మీద చెక్కి, మరలు కోసి, సిరా కారని ఫౌంటెన్ పెన్ను తయారు చేస్తారు. 1935లో గాంధీజీ వారి స్వదేశీ పెన్నును మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. మన అభిరుచికి, ఆ వృత్తికి మధ్య దూరం ఎంతో లేత్ ముందు నిలబడినవారికే తెలుస్తుంది.

ఆ పక్కబల్ల మీద చింత, తుమ్మ, వేప ముక్కలు ఉంచాను. చివర్లకు మైనం పూసి ఉంది, తేదీ, బరువు రాసి ఉన్నాయి. కావలసినవారు తీసుకెళ్లండి. బరువు తగ్గడం ఆగేదాకా డ్రిల్ ముట్టుకోవద్దు.