“సార్, పీడీఎఫ్ ఉందా?”

నమస్కారం అండీ.

సెమిస్టర్ మొదలైన వారంలో ఏ క్లాసు వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒక మెసేజ్ ఉంటుంది. “సార్, పీడీఎఫ్ ఉందా?” అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు పెట్టేస్తారు. నాలుగు వందల పేజీల పుస్తకం, ఫోన్‌తో స్కాన్ చేసింది. ప్రతి పేజీ అడుగున స్కానర్ యాప్ పేరు, మధ్యలో ఒక పేజీ అంచున ఎవరిదో బొటనవేలు. దాని కింద వరసగా దండాలు. పెట్టినవాడు ఆ వారానికి గ్రూపులో హీరో.

నేను చాలా ఏళ్లు ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేశాను. ఈ పీడీఎఫ్‌ల గురించి లెక్చరర్లతో వాదించీ వాదించీ గొంతు పోయింది. చివరికి అందరూ తీసే అస్త్రం ఒకటే. “ఢిల్లీ జిరాక్స్ షాపు కేసు ఉంది కదండీ, చదువు కోసమైతే ఎంతైనా కాపీ చేసుకోవచ్చని కోర్టే చెప్పింది” అంటారు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం దగ్గరే యూనివర్సిటీలు ఇరుక్కుంటున్నాయి. అందుకని ఆ కేసు దగ్గరే మొదలుపెడతాను.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అని ఒక చిన్న షాపు. యూనివర్సిటీయే లైసెన్సు ఇచ్చి పెట్టించింది. పేజీకి 40 పైసలు. ప్రొఫెసర్లు ఇచ్చిన సిలబస్ ప్రకారం ఈ పుస్తకంలో ఒక చాప్టరు, ఆ పుస్తకంలో రెండు చాప్టర్లు జిరాక్స్ తీసి, బైండు చేసి విద్యార్థులకి అమ్మేవాళ్లు. దాన్నే కోర్స్ ప్యాక్ అంటారు. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఆ షాపు మీదా, ఢిల్లీ యూనివర్సిటీ మీదా హైకోర్టులో దావా వేశాయి. నష్టపరిహారంగా 60 లక్షలు అడిగాయి. పేజీకి 40 పైసల లెక్కన 60 లక్షలంటే కోటిన్నర పేజీల జిరాక్స్ అండీ! అయితే వాళ్ల చూపు ఆ షాపు గల్లాపెట్టె మీద కాదు. ప్రచురణకర్తల తరఫున కాపీలకి అనుమతులిచ్చే లైసెన్సింగ్ సంస్థకి యూనివర్సిటీ ఫీజు కట్టి, అప్పుడు కోర్స్ ప్యాకులు చేసుకోవాలన్నది వాళ్ల కోరిక. అమర్త్య సేన్ అంతటాయన, తన పుస్తకాలు వేసే ఆక్స్‌ఫర్డ్ ప్రెస్‌కే ఈ కేసు వద్దని ఉత్తరం రాశారు.

2016 సెప్టెంబర్ 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావా కొట్టేశారు. తీర్పులో ఒకచోట ఆయన తన చదువు రోజులు గుర్తు చేసుకున్నారు. తాను ఢిల్లీ యూనివర్సిటీలో లా చదివేటప్పుడు జిరాక్స్ దొరకడం తక్కువ, ఖర్చు ఎక్కువ. విద్యార్థులు వంతులు వేసుకుని లైబ్రరీలో కూర్చుని చాప్టర్లకి చాప్టర్లు చేత్తో రాసేవారట, తరవాత కార్బన్ కాపీలు తీసుకునేవారట. చేత్తో రాస్తే తప్పు కానిది మెషీన్ తీస్తే తప్పెలా అవుతుందన్నది ఆయన తర్కం. దానికి ఆధారం 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్. బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ ప్రతి తీసుకుంటే అది ఉల్లంఘన కాదని అక్కడ రాసి ఉంది. బోధన అంటే గంట కొట్టిన తరవాత క్లాసులో జరిగేది ఒక్కటే కాదు, పాఠానికి తయారవడం కూడా బోధనేనని కోర్టు అంది.

ఈ కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటారు చాలామంది. కాలేదు. అదే ఏడాది డిసెంబర్ 9న ఇద్దరు జడ్జిల బెంచి, బోధన కోసం కాపీ చేయొచ్చన్న మాట నిలబెడుతూనే ఒక ప్రశ్న విచారణకి తిప్పి పంపింది. ఆ ప్యాకుల్లో పెట్టినదంతా నిజంగా పాఠానికి అవసరమేనా? ఆ ప్రశ్నకి జవాబు రాకముందే, 2017 మార్చిలో ప్రచురణకర్తలు కేసు వెనక్కి తీసుకున్నారు. లైసెన్సింగ్ సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్తే, మే నెలలో అక్కడా కొట్టేశారు.

కాబట్టి “ఎన్ని పేజీలు పెట్టొచ్చు, పది శాతమా, ఒక చాప్టరా?” అని అడిగితే నా దగ్గర అంకె లేదు. మన చట్టంలోనూ ఈ విషయంలో అంకె లేదు. పాఠానికి ఎంత అవసరమో అంత. సిలబస్‌లో మూడో యూనిట్‌కి రెండు చాప్టర్లు కావాలంటే ఆ రెండూ పెట్టండి. “ఎందుకైనా మంచిది” అని పుస్తకం మొత్తం పెట్టారంటే, రేపు ఎవరైనా అడిగినప్పుడు ఆ ఎందుకైనా అన్నదేమిటో మీరే చెప్పుకోవాలి.

ఇంకో సంగతి. ఆ తీర్పు కాగితం మీద తీసిన జిరాక్స్ గురించి. ప్రపంచంలో ఎవరైనా దింపుకోగలిగేలా డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో తగిలించడం గురించి కాదు. ప్రతి తీసుకోవడం ఒక హక్కు, దాన్ని ప్రజలందరికీ అందుబాటులో పెట్టడం ఇంకో హక్కు. చట్టంలో రెండూ వేరు వేరుగా ఉన్నాయి. అందుకే లాగిన్ వెనక, ఆ కోర్సులో చేరిన పిల్లలకి మాత్రమే కనిపించేలా, సెమిస్టర్ అయ్యాక తీసేసేలా పెట్టమని నేను చెప్పేవాణ్ణి. మా సిస్టమ్స్ కుర్రాడికి ఆ సెట్టింగ్ పెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. దానికి కమిటీని ఒప్పించడానికి రెండు సెమిస్టర్లు పట్టింది, అది వేరే విషయం.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. అచ్చు పుస్తకం కొన్నామంటే సొంత ఇల్లు కొనుక్కున్నట్టు. ఈ-జర్నల్‌కి, అంటే ఆన్‌లైన్‌లో వచ్చే పరిశోధన పత్రికకి, డబ్బు కట్టామంటే అద్దె ఇంట్లో దిగినట్టు. మేకు కొట్టొచ్చా, చుట్టం వస్తే ఎన్నాళ్లు ఉండొచ్చు, అన్నీ ఓనరు రాయించుకున్న అగ్రిమెంట్‌లో ఉంటాయి. ఎవరు వాడొచ్చు, ఇంటి దగ్గర నుంచి తెరవొచ్చా, పాఠ్యసామగ్రిలో కలుపుకోవచ్చా, పక్క కాలేజీకి పంపొచ్చా, ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. ఈ అగ్రిమెంట్ ఎక్కడ ఉంటుంది? అకౌంట్స్ సెక్షన్ బీరువాలో, బిల్లుకి పిన్ను కొట్టి. చదివినవాళ్లు ఎవరు? చాలాచోట్ల ఎవరూ ఉండరు.

నా ముందు జరిగిందే చెప్తాను. ఒక రిసెర్చ్ స్కాలర్, మంచి కుర్రాడే, ఒక జర్నల్ పాత సంచికలన్నీ దాచుకుందామని డౌన్‌లోడ్ టూల్ ఒకటి పెట్టి రాత్రి హాస్టల్‌కి వెళ్లి పడుకున్నాడు. తెల్లారేసరికి ఆ కంపెనీ మా క్యాంపస్ మొత్తానికి యాక్సెస్ ఆపేసింది. తొమ్మిదిన్నరకి కెమిస్ట్రీ మేడమ్ ఫోన్. “ఏమండీ, పొద్దుట్నుంచి ఒక్క పేపరూ తెరుచుకోవట్లేదు. నాకు రేపు రివ్యూ ఉంది.” తరవాత ఫిజిక్స్, తరవాత ఫార్మసీ. ఆ కుర్రాడి టెన్షన్ చూడాలి, మొహంలో నెత్తురు లేదు. కంపెనీకి మేము రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకుని, ఇకముందు జరగదని హామీ ఇస్తే గానీ యాక్సెస్ తిరిగి రాలేదు. ఆ కుర్రాడు చేసింది దొంగతనమా అంటే, వాడికి చదివే హక్కు ఉన్న జర్నలే అది. కానీ గంపగుత్తగా దింపుకోకూడదని అగ్రిమెంట్‌లో ఒక లైను ఉంది. అది వాడికి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ తరవాత నుంచి మా లైబ్రరీలో నేను గట్టిగా పట్టుబట్టింది ఒకటే. సబ్‌స్క్రిప్షన్‌లో ఉన్న పేపర్‌ని దింపి మళ్లీ అప్‌లోడ్ చేయకండి, లింక్ పెట్టండి. దీంట్లో కాపీరైట్ కాకుండా మన స్వార్థం కూడా ఉందండీ. విద్యార్థి లింక్ నొక్కి తెరిస్తే అది వాడకం లెక్కలోకి వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌ని వెయ్యిమంది చదివినా లెక్క సున్నా. మార్చిలో బడ్జెట్ కమిటీ ఆ సున్నా చూసి, “ఇది ఎవరూ వాడట్లేదు, తీసేయండి” అంటుంది. వచ్చే ఏడాది ఆ లెక్చరరే వచ్చి, జర్నల్ ఎందుకు ఆపేశారని మా మీద పడతాడు!

ఇప్పుడు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, సంస్థలన్నిటి తరఫునా జర్నళ్లకి కేంద్రమే చందా కట్టే పథకం. 2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. మూడేళ్లకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. మంచి పనే. కానీ అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలో నడిచే సంస్థలకి. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువ భాగం ప్రైవేటువే కదా, వాళ్లు తమ చందా తాము కట్టుకోవలసిందే. పైగా అవి జర్నళ్లు. బీటెక్ రెండో సంవత్సరం కుర్రాడు అడిగే టెక్స్ట్ బుక్ అందులో ఉండదు.

మరి ఉచితంగా, దర్జాగా వాడుకోగలిగినవి లేవా? ఉన్నాయి. క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉన్నవి చూడండి, అంటే కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని రచయితే ముందుగా అనుమతి ఇచ్చినవి. అయితే “ఫ్రీ” అని కనిపించగానే ఎగబడకండి, ఆ గుర్తు పక్కన ఉన్న పొడి అక్షరాలు చదవండి. బీవై అంటే రాసినవాడి పేరు చెప్పాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎస్ఏ అంటే మార్చి ఇస్తే అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌డీ అంటే మార్చినదాన్ని పంచకూడదు. మన తెలుగువాళ్లు పడిపోయే గొయ్యి ఈ ఎన్‌డీ దగ్గరుంది. అనువాదం కూడా మార్పే. ఎన్‌డీ ఉన్న పాఠాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో ఎంతమందికైనా ఇవ్వొచ్చు, తెలుగులో రాసి ఇవ్వాలంటే మాత్రం విడిగా అనుమతి కావాలి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన పాఠాలు ఉచితంగా పెట్టే ఓపెన్‌కోర్స్‌వేర్ అలా కాదు, అక్కడ ఎన్‌డీ లేదు, ఎన్‌సీ, ఎస్ఏ ఉన్నాయి. ఆ పాఠాలు తెలుగు చేసి మీ విద్యార్థులకి ఇవ్వండి, పేరు చెప్పండి, అమ్మకండి, అదే లైసెన్సు తగిలించండి. అంతే.

తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఒక మాట. రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, కాబట్టి ఆయన రచనలు అందరివీ. జాషువా 1971లో పోయారు, 2031 చివరిదాకా ఆగాలి. శ్రీశ్రీ 1983, అంటే 2043 చివరిదాకా. అయితే గురజాడదే కదా అని కొత్తగా వచ్చిన సంపుటాన్ని అట్టనుంచి అట్టదాకా స్కాన్ చేయకండి. పద్యం అందరిది, దాని కింద సంపాదకుడు రాసిన వ్యాఖ్య ఆయనది.

చివరిగా, లెక్చరర్ల సొంత నోట్సు, స్లైడ్లు, వీడియోల సంగతి. ఇవి ఎవరివి? ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు అంటుంది కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్. యూనివర్సిటీ మనకి జీతం ఇచ్చేది పాఠం చెప్పడానికా, పుస్తకం రాయడానికా? ఇక్కడ వాదనకి బోలెడంత చోటుంది. గంటల లెక్కన డబ్బు తీసుకునే గెస్ట్ లెక్చరర్ మామూలుగా ఉద్యోగి కిందికి రాడు, కాబట్టి కాగితం మీద రాసివ్వకపోతే హక్కు ఆయనదే. నాకు తెలిసిన ఒకాయన కోవిడ్ రోజుల్లో ఇంట్లో దుప్పటి వెనక కట్టుకుని, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ నలభై వీడియోలు చేశాడు. తరవాతి ఏడాది ఆయన్ని తీసేశారు. వీడియోలు మాత్రం ఉంచుకున్నారు, మొదటి స్లైడ్‌లో పేరు చెరిపేసి. హక్కులు రాసిచ్చినా సరే, ఇది తన రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం రచయితకే మిగులుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలియదు, చెరిపినవాళ్లకీ తెలియదు.

హక్కులు రాసివ్వాలని మీ కాలేజీ కాగితం తెస్తే, సంతకానికి ముందు ఎన్నేళ్లకి, ఎక్కడెక్కడ అన్నవి చూడండి. గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కేస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే.

ఇక ఆ వాట్సాప్ గ్రూపు. మొన్న మా మేనల్లుడు ఒక పేపర్ కావాలంటే, వాళ్ల యూనివర్సిటీ చందాలో ఉందో లేదో చూసి, లింక్ పంపాను. “మీ క్యాంపస్ లాగిన్‌తో తెరువు, ఫ్రీగానే వస్తుంది” అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపాగి జవాబొచ్చింది.

“మామయ్యా, లింక్ కాదు. పీడీఎఫ్ ఉందా?”