చదివింపుల లెక్క, లింకుల లెక్క

అందరికీ నమస్కారం. కొట్లు పనివాళ్లకి అప్పజెప్పి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మీలో చాలామందికి ఈ మెయిల్ వచ్చే ఉంటుంది. "సర్, మీ వెబ్‌సైట్ చూశాం, చాలా బాగుంది. మీ సైట్‌లో మా లింకు పెట్టండి, మా సైట్‌లో మీ లింకు పెడతాం. ఇద్దరికీ గూగుల్‌లో ర్యాంకు పెరుగుతుంది." పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. ఎవరికైనా సరే అనాలనిపిస్తుంది. నేనూ సరే అన్నాను. ఒకసారి కాదు, 140 సార్లు.

మా బాబాయిది ఆత్రేయపురం. పూతరేకుల వ్యాపారం. 2009లో ఆయనకి నేనే ఒక సైట్ చేసి పెట్టాను. అందులో 'మా మిత్రులు' అని ఒక పేజీ ఉండేది. ఆ పేజీలో ఎవరెవరు ఉన్నారో చెబుతాను. కార్లు అద్దెకిచ్చేవాళ్లు, బరువు తగ్గే మాత్రలవాళ్లు, ఎక్కడో వేరే దేశంలో ఇళ్ల లోన్లు ఇప్పించేవాళ్లు. పూతరేకులు కొనడానికి వచ్చిన మనిషికి అందులో ఒక్కటీ పనికిరాదు. బాబాయి ఒకసారి చూసి, "వీళ్లంతా మనకెప్పుడు మిత్రులయ్యారురా?" అని అడిగాడు. ర్యాంకు కోసం బాబాయ్ అని చెప్పాను.

ఆ రోజుల్లో ఈ పద్ధతి నిజంగానే పనిచేసింది. ఎందుకు పనిచేసిందో తెలిస్తేనే, ఎందుకు ఆగిపోయిందో తెలుస్తుంది.

గూగుల్ స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువుకుంటున్నప్పుడు ఒక సంగతి గమనించారు. పరిశోధనల లోకంలో ఒక వ్యాసం విలువని, దాన్ని మిగతావాళ్లు ఎంతగా ఉదహరించారో చూసి అంచనా వేస్తారు. వెబ్‌లో లింకు కూడా అలాంటిదే కదా, ఒక పేజీ ఇంకో పేజీ గురించి చెప్పిన మంచి మాట కదా అనుకున్నారు. అదే పేజ్‌ర్యాంక్. 1998లో వాళ్లు అచ్చువేసిన వ్యాసంలో దాని సూత్రం ఉంది. పెద్ద పేరున్న పేజీ ఇచ్చిన లింకుకి బరువెక్కువ. ఒక పేజీ తన దగ్గరున్న బరువుని తను ఇచ్చే లింకులన్నిటికీ సమానంగా పంచుతుంది. పది లింకులుంటే ఒక్కోదానికి పదో వంతు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఆ సూత్రంలో ప్రతి పేజీకీ ఊరికే 0.15 విలువ ఉంటుంది, లింకుల ద్వారా వచ్చిన బరువుని 0.85తో గుణించి దానికి కలుపుతారు. అంటే ఎవరూ లింకు ఇవ్వని పేజీకి 0.15 మాత్రమే. అలాంటి అనామకపు పేజీలు రెండు ఒకదానికొకటి లింకు ఇచ్చుకున్నాయనుకోండి, వేరే లింకులేమీ లేవనుకోండి. ఒకదాని విలువ ఇంకోదాన్ని పెంచుకుంటూ పోయి, చివరికి రెండింటి విలువా 1 దగ్గర ఆగుతుంది. అంటే ఆరున్నర రెట్ల పైనే! బయటి మనిషి ఒక్కడు కూడా మెచ్చుకోలేదు, అయినా ఇద్దరి విలువా పెరిగింది. లోపం సూత్రంలోనే ఉంది. దాన్ని జనం కనిపెట్టారు. దానికి తోడు 2000లో గూగుల్ టూల్‌బార్ వచ్చింది, బ్రౌజర్‌కి తగిలించుకునే ఒక పట్టీ. ఏ సైట్‌కి ఎంత పేజ్‌ర్యాంక్ ఉందో 0 నుంచి 10 వరకు ఒక ఆకుపచ్చ గీతలో కనిపించేది. దాంతో లింకు ఒక సరుకైపోయింది. "మాది 5, మీది 3, ఒకటికి రెండు లింకులు ఇవ్వాలి" అని బేరాలు నడిచాయి. ఆ బేరాలు నేనూ చేశాను.

మన పెళ్లిళ్లలో చదివింపులు గుర్తు చేసుకోండి. ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఫలానావారు 516 రూపాయలు అని రాసుకుంటాడు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసి, అంతే చదివిస్తాం. అది బంధుత్వం, మంచిదే. కానీ అలా వచ్చిన 516ని ఎవరూ సంపాదన అనుకోరు. గూగుల్ కూడా కొన్నాళ్లకి ఆ పుస్తకం తెరిచి రెండు వైపులా చదవడం నేర్చుకుంది. ఇచ్చినదీ పుచ్చుకున్నదీ పక్కపక్కనే కనిపిస్తే, అది మెచ్చుకోలు కాదు, ఒప్పందం అని తెలిసిపోతుంది.

కొందరు తెలివిగా మూడో సైట్‌ని మధ్యలో పెట్టారు. నేను నీకిస్తాను, నువ్వు వాడికివ్వు, వాడు నాకిస్తాడు. కోట్ల పేజీల లింకుల పటం మొత్తం దగ్గరున్నవాళ్లకి ఆ ముక్కోణం దొరకకుండా పోతుందా?

2012 ఏప్రిల్ 24న గూగుల్ ర్యాంకుల లెక్కలో, ఇలాంటి దొంగ లింకుల్ని పట్టుకునే పెంగ్విన్ అనే మార్పు మొదలైంది. ఇంగ్లిష్ వెతుకులాటల్లో సుమారు 3.1 శాతం మీద ప్రభావం ఉంటుందని గూగుల్ అప్పుడే చెప్పింది. మా సైట్ కూడా ఇంగ్లిష్‌లోనే ఉండేది. వారానికి 20, 30 ఆర్డర్లు వచ్చేవి కాస్తా ఐదారుకి పడిపోయాయి. నోటీసు ఏమీ రాలేదు. తారీఖులు పోల్చి చూసుకున్నాకే నాకు విషయం అర్థమైంది. వేసవి సెలవులు, పెళ్లిళ్ల సీజన్, పిన్ని చేతినిండా పని ఉండాల్సిన రోజులు. రేకులు తీసే కుండ చల్లగా ఉంది. ఆ టెన్షన్ నాకిప్పటికీ గుర్తే.

'మా మిత్రులు' పేజీ తీసెయ్యడం ఒక్క నిమిషం పని. కానీ వాళ్ల సైట్లలో ఉన్న మన లింకులు తీయించాలి. 140 మందికీ మెయిళ్లు రాశాను. చాలామంది పలకలేదు. లింకు పెట్టడానికి రూపాయి అడగనివాళ్లలో కొందరు, తీయడానికి మాత్రం డబ్బడిగారు. ఆ అక్టోబరులో గూగుల్ డిసవౌ (disavow) అనే సాధనం ఇచ్చింది. ఈ లింకులతో నాకు సంబంధం లేదు, లెక్కలోకి తీసుకోకండి అని జాబితా పంపడమన్నమాట. పంపాను. 2013 మేలో పెంగ్విన్ కొత్త రూపం వచ్చాక సైట్ కొద్దిగా తేరుకుంది.

2016 నుంచి పెంగ్విన్ ఎప్పటికప్పుడు పనిచేస్తోంది. ఇలాంటి లింకుల్ని ఇప్పుడు చాలావరకు లెక్కలోంచి తీసేసి ఊరుకుంటుంది. అంటే మీరు ఈరోజు 50 మందితో లింకులు మార్చుకుంటే, బహుశా ఏమీ జరగదు. మంచి కూడా జరగదు. అతిగా మార్చుకోవడం మాత్రం గూగుల్ నియమాల్లో ఇప్పటికీ స్పామ్ కిందే ఉంది. మనిషి స్వయంగా చూసి శిక్ష వేసే పద్ధతి కూడా ఉంది.

'అతిగా' అన్న మాట పట్టుకోండి. ఇద్దరు ఒకరికొకరు లింకు ఇచ్చుకోవడమే తప్పని భయపడొద్దు. సైట్ పడిపోయిన ఆ ఖాళీ రోజుల్లో పిన్ని చేసే పని గురించి ఒక పేజీ రాశాను. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద పరిచి అలా లాగేస్తుంది. కళ్లు మూసి తెరిచేలోగా రేకు తయారు. గుడ్డ కాస్త ఆలస్యమైతే రేకు మందమవుతుంది. ఇవన్నీ ఫొటోలతో పెట్టాను. కొన్ని నెలలకి అమెరికాలో ఉండే ఒక తెలుగావిడ తన వంటల సైట్‌లో ఆ పేజీకి లింకు ఇచ్చారు. అడగలేదు, పరిచయం లేదు. రేకులు మెత్తబడకుండా బెల్లం, నెయ్యి ఎలా పెట్టి చుట్టాలో ఆవిడ బాగా రాశారు. మా కొనుగోలుదారులు రోజూ అడిగే ప్రశ్నే అది. అందుకని మేమూ ఆవిడ పేజీకి లింకు ఇచ్చాం. అదీ ఇచ్చిపుచ్చుకోవడమే. కానీ అటు నుంచి వచ్చినవాళ్లు రేకులు కొన్నారు, ఇటు నుంచి వెళ్లినవాళ్లకి ఉపయోగపడింది. గూగుల్ లేకపోయినా ఆ రెండు లింకులూ ఉండేవి.

మళ్లీ అలాంటి మెయిల్ వస్తే అదొక్కటే చూసుకోండి. ర్యాంకు సంగతి పక్కనపెట్టి, మీ కొట్టుకొచ్చిన మనిషిని నోటితో ఆ షాపుకి పంపుతారా? పంపుతానంటే లింకు పెట్టండి, వాళ్లు తిరిగి పెట్టినా పెట్టకపోయినా.

టీ తర్వాత ఆ మూల బల్ల దగ్గర లాప్‌టాప్‌తో కూర్చుంటాను. మీ సైట్‌కి ఎవరెవరు లింకు ఇచ్చారో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్ పాస్‌వర్డ్ గుర్తుంటే రండి. లింకుల జాబితా తెరిచి, మీకు తెలియని మిత్రులు ఎంతమంది ఉన్నారో కలిసి చూద్దాం.