చీల తీస్తే విడిపోయే బల్ల

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకూ, పని ఆపుకుని వచ్చిన తోటి వడ్రంగులకూ నమస్కారం. సమయం తక్కువ కాబట్టి నేరుగా బల్ల దగ్గరికే వస్తాను.

ట్రెస్టిల్ టేబుల్ అంటే రెండు కాళ్ళ చట్రాలు, వాటి మీద ఒక పలక. మధ్యయుగాల ఐరోపాలో జమీందారీ హాళ్ళలో భోజనాల వేళకు వేసేవారు, తిన్నాక విప్పి గోడకు చేర్చేవారు. రాత్రికి పనివాళ్ళు అక్కడే పడుకోవాలి మరి. 1066లో ఇంగ్లండ్ మీద జరిగిన నార్మన్ దండయాత్రను చూపే బాయూ టేపెస్ట్రీ ఉంది కదా, పేరుకు నేసిన బొమ్మల తెర, నిజానికి అది కుట్టుపని, అందులో కొందరు ట్రెస్టిళ్ళ మీద డాళ్ళు పరుచుకుని భోంచేస్తుంటారు. ఆ బొమ్మంటే నాకు ప్రాణం. లియొనార్డో గీసిన ‘చివరి విందు’లోనూ బల్లగుడ్డ కింద ఈ కాళ్ళే. అందరూ పైన ముఖాలు చూస్తారు, ఈసారి కిందికి చూడండి.

తర్వాత రెండు చట్రాలనూ కలిపే అడ్డకర్ర వచ్చింది. దాని కొస చట్రం దాటి బయటికి వస్తుంది. ఆ కొసకు తొలిచిన బెజ్జంలో చెక్క చీల దిగుతుంది. కొట్టేకొద్దీ బల్ల బిగుస్తుంది, కింది నుంచి ఒక్క దెబ్బ కొడితే వదులవుతుంది. జిగురుతో పనిలేదు. అమెరికాలో షేకర్లు అనే క్రైస్తవ సమాజంవాళ్ళు ఆ అడ్డకర్రను పలక కిందికంటా ఎత్తి, కూర్చున్నవాళ్ళ కాళ్ళకు చోటిచ్చారు.

షేకర్ల గురించి ఇంకా చెప్పాలనే వచ్చాను. కానీ ముందు ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒక ఇంటివాళ్ళు ట్రెస్టిల్ టేబుల్ అని డబ్బు పోసి కొన్నారు. ఇల్లు మారేటప్పుడు అది గుమ్మం దాటలేదు. నన్ను పిలిచారు. వంగి చూస్తే చీల ఉంది, కానీ అలంకారానికి అతికించిన చీల! అడ్డకర్రకు జిగురు, పలకకు జిగురు. కోసేయమన్నారు. నిక్షేపంలాంటి పలక అది, రంపం మీదికి చేయి పోలేదు. అమ్మినవాళ్ళను అడిగితే ‘మోడల్ అంతే’ అన్నారు. ఏమిటండీ మోడల్? విడిపోని బల్లకు ఆ పేరెందుకు? చెప్పండి, ఇక్కడున్న మీరంతా చేసేవాళ్ళే కదా!

ఆ బల్ల చివరికి కిటికీ చట్రం ఊడదీస్తే బయటపడింది.

విద్యార్థులు రాసుకోండి. కాళ్ళు పలక అంచులకు పెట్టకండి. బరువు సమంగా పరుచుకుంటే, నిడివిలో సుమారు ఐదో వంతు చొప్పున అటూ ఇటూ వదిలి పెట్టండి, పలక మీద వంపు భారం తగ్గుతుంది. ఒకే చెక్కలో మందం రెట్టింపైతే బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. గోడకాగితానికి జిగురు రాయాలన్నా, పుస్తకాలు పరచాలన్నా, నక్షా గీయాలన్నా ఈ లెక్క చాలు. చీల మాత్రం విడిగా చేయండి, ఎండిన గట్టి కర్రతో. బెజ్జంలో జిగురు చుక్క పడనివ్వకండి.