రెండో కామా ఏదండీ?

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న మా బ్యాచ్ వాళ్లకు నమస్కారం. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ, చదివితే భోజనాల వేళ దాటిపోతుంది. మన టైపు ఇన్‌స్టిట్యూట్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను కామా గురించి చెబుతాను. ఒకటి కాదు లెండి, రెండు.

ఇంగ్లీషు లోయర్ పరీక్ష ముందు మాస్టారు అనేవారు: "వాక్యం మధ్యలో అదనపు ముక్క దూర్చావా, ముందో కామా, వెనకో కామా. కాడెద్దులురా అవి. ఒంటెద్దుతో అరక తోలతావా?" ఆ మాట నా బుర్రకెక్కింది. మరీ ఎక్కువ ఎక్కింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసరు సర్క్యులర్ రాసిచ్చారు. 'ఎంప్లాయీస్ హూ డిడ్ నాట్ సైన్ ది రిజిస్టర్ విల్ లూజ్ వన్ డేస్ పే.' సంతకం పెట్టనివాళ్లకు ఒకరోజు జీతం కోత, అంతే. అందంగా ఉంటుందని నేను 'ఎంప్లాయీస్' తర్వాత ఒకటి, 'రిజిస్టర్' తర్వాత ఒకటి కామా కొట్టాను. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తీసి, అన్ని సెక్షన్లకూ పంచాం. మధ్యాహ్నానికల్లా యూనియన్ సెక్రటరీ కాగితం ఊపుకుంటూ వచ్చారు. "ఏమయ్యా, ఆఫీసులో ఒక్కడూ సంతకం పెట్టలేదా? అందరికీ కోతేనా?"

ఆయన చదివింది కరెక్టే! కామాల మధ్య పెట్టిన ముక్క తీసేసినా అసలు మాట చెడకూడదు. తీసేసి చూడండి: 'ఎంప్లాయీస్ విల్ లూజ్ వన్ డేస్ పే.' ఎక్కడ పెట్టకూడదో మాస్టారు చెప్పిన రోజు నేను మ్యాట్నీకి వెళ్లినట్టున్నాను. నాకు మెమో ఇచ్చారు. ఆ మెమోలోనే రెండు కామాలు తప్పు! ఇప్పటికీ దాచుకున్నాను, కావాలంటే చూపిస్తాను.

నవ్వకండి. కెనడాలో రోజర్స్ అనే కేబుల్ కంపెనీ, ఆలియాంట్ అనే టెలిఫోన్ కంపెనీ స్తంభాల వాడకానికి 2002లో ఒప్పందం రాసుకున్నాయి. ఐదేళ్లు అమల్లో ఉంటుంది, కామా, ఆ తర్వాత మరో ఐదేసి ఏళ్లు, కామా, ఏడాది ముందు నోటీసిచ్చి రద్దు చేసుకుంటే తప్ప. మధ్య ముక్కకు అటూ ఇటూ కామాలున్నాయి కదా, దాన్ని పక్కన పెట్టి చదివితే నోటీసు మాట మొదటి ఐదేళ్లకూ తగులుతుందని, అంటే ఐదేళ్లు నిండకముందే రద్దు చేసుకోవచ్చని, 2006లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ తేల్చింది. మరుసటేడాది ఫ్రెంచి ప్రతి తెరిచి చూసి, ఆ తేల్చినదాన్ని తలకిందులు చేశారు. పెద్ద పెద్ద లాయర్లు కూర్చుని తగువులాడింది ఆ రెండో కామా మీదే.

మనకు చిక్కెక్కడంటే, 'గుంటూరులో ఉండే మా తమ్ముడు' అంటాం. వివరమంతా ముందే వచ్చేస్తుంది, మధ్యలో కంచె కట్టాల్సిన పని లేదు. తమ్ముళ్లెందరో వినేవాళ్లకు తెలుసు. ఇంగ్లీషులో 'మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ గుంటూరు,' అని కామాలు పెడితే ఒక్కడే తమ్ముడు. పెట్టలేదా, ఇంకెక్కడో ఇంకో తమ్ముడున్నట్టే. ఆస్తి కాగితాల్లో ఇలా రాసేరు, జాగ్రత్త!

చీటీ పంపకండి, అయిపోయింది. ఒక్కసారి అందరూ నా వెనక ఫ్లెక్సీ చూడండి. 'అవర్ మాస్టర్, హూ టాట్ త్రీ జనరేషన్స్ లివ్స్ ఇన్ అవర్ హార్ట్స్.' జనరేషన్స్ పక్కన ఏదండీ? అదీ మాస్టారి ఫొటో కిందే! ఎవరి జేబులోనైనా నల్ల స్కెచ్ పెన్నుందా? ఆ స్టూలు కూడా ఇటు జరపండి.