ఎపిసోడ్ 57: రావ్నికర్ గీసిన ఊరు, నోవా గోరిత్సా

సుజాత: శ్రోతలకు నమస్కారం. పోయినసారి చెప్పిన ప్రకారం ఈ ఎపిసోడ్‌లో స్లొవేనియా పడమటి అంచున, ఇటలీని ఆనుకుని ఉన్న నోవా గోరిత్సా గురించి, ముఖ్యంగా 1948లో ఎడ్వర్డ్ రావ్నికర్ అనే వాస్తుశిల్పి ఆ ఊరికి గీసిన నమూనా గురించి మాట్లాడుకుంటాం. భాస్కరం మాష్టారు ఎప్పటిలాగే ఉన్నారు. ఫ్లాస్కు మాత్రం ఈసారి నా దగ్గరే ఉంది.

భాస్కరం: ఫ్లాస్కు మాట ఎత్తకూడదని మనకు ఒప్పందం ఉంది సుజాతా. ముందు ఊరు ఎక్కడుందో చెబుతాను. ఆల్ప్స్‌లో పుట్టిన సోచా నది, ఇటాలియన్లు ఇసోంజో అని పిలిచే నది, కొండల ఇరుకు దాటి సోల్కాన్ దగ్గర మైదానంలోకి దిగుతుంది. ఒడ్డుకు ఒకవైపు సబోతిన్ కొండ, మరోవైపు బసిలికా అనే పెద్ద చర్చి ఉన్న స్వేతా గోరా. తూర్పు నుంచి విపావా లోయ వచ్చి కలుస్తుంది. ఆ లోయలో చలికాలం బుర్యా అనే గాలి లేచిందంటే లారీలు బోల్తా పడతాయి కాబట్టి రోడ్డే మూసేస్తారు. ఇంతటి కూడలిలో ఉన్న పాత ఊరు గోరీత్సియాను, స్లొవీనులో గోరిత్సా అనే ఊరిని, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1947లో సరిహద్దు గీత గీసి ఇటలీకీ, అప్పట్లో స్లొవేనియా భాగంగా ఉన్న యుగోస్లావియాకూ మధ్య రెండుగా కోశారు.

సుజాత: అక్కడే నాకు పేచీ. రెండుగా కోసిన ఊరు అని, చిన్న బెర్లిన్ అని ఎవరో రాస్తే అందరూ అదే పట్టుకున్నారు. 1947లో గోరీత్సియా పట్టణం దాదాపు మొత్తంగా ఇటలీకే దక్కింది. కోత పడింది పట్టణానికీ దాని పల్లెలకూ మధ్య. విపావా లోయ, సోచా లోయ, కార్స్ట్ పీఠభూమి యుగోస్లావియాకు వెళ్లాయి. అక్కడి రైతుకు సంత, పెద్దాసుపత్రి, హైస్కూలు, కోర్టు అన్నీ గీతకు అవతల ఉండిపోయాయి. నోవా గోరిత్సా అనే ఊరు అప్పటికి లేనే లేదు. లేని ఊరిని ఎలా కోస్తారు మాష్టారూ?

భాస్కరం: మరి స్టేషను?

సుజాత: రైలు మాట ఎత్తారు, డిబ్బీలో రూపాయి పడింది.

భాస్కరం: పడనీ. 1906 జూలైలో యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వచ్చి ప్రారంభించిన రైలు మార్గం అది. యెసెనిత్సె నుంచి త్రియెస్తె దాకా, కొండలు తొలిచి వేసిన దారి. ఆ గోరీత్సియా స్టేషను గుమ్మం ముందు నుంచే గీత పోయింది. భవనం యుగోస్లావియాలో, ఎదుటి చౌకులో సగం ఇటలీలో. టికెట్టు కొనుక్కుని బయటికొస్తే నాలుగడుగుల్లో కంచె తగిలేది. ఇటలీవైపు వాళ్లకు కనబడేటట్టు కప్పు మీద ఎర్ర నక్షత్రం పెట్టారు. ఒక ఊరి స్టేషనును ఆ ఊరికి కాకుండా చేయడం కోత కాదా?

సుజాత: అది పట్టణం ఉత్తరపు అంచున ఉన్న స్టేషను. దక్షిణాన 1860 నాటి పాత స్టేషను పట్టణంతోనే ఉండిపోయింది కదా.

భాస్కరం: గీతకు యుగోస్లావియా వైపు పడిన సోల్కాన్ సంగతి? 1001లో చక్రవర్తి మూడో ఒట్టో రాయించిన దానపత్రంలో సోల్కాన్ కోట, గోరిత్సా పల్లె పక్కపక్కనే ఉన్నాయి. చరిత్రలో గోరిత్సా పేరు మొదట కనిపించేది ఆ పత్రంలోనే. పైగా 1927లో సోల్కాన్‌ను గోరీత్సియా మునిసిపాలిటీలో కలిపారు. అంటే 1947లో కోసింది మునిసిపాలిటీనే.

సుజాత: 1927లో కలిపింది ఎవరు? స్లొవీను బడులు మూయించి, ఇంటిపేర్లు మార్పించి, మాక్స్ ఫాబియాని కట్టిన స్లొవీను వర్తకుల భవనం త్రగోవ్‌స్కి దోమ్‌ను లాక్కున్న ఫాసిస్టు ప్రభుత్వం. వాళ్లు గీసిన మునిసిపాలిటీ గీతను మీరు సాక్ష్యంగా తేవడం నాకు నచ్చలేదు.

భాస్కరం: నచ్చకపోతే సాక్ష్యం కాకుండా పోతుందా?

సుజాత: పోదు. బరువు తగ్గుతుంది. ఇంకొకటి, గీత గీసినవాళ్లు ఊరిని చూసి గీయలేదు. 1946 వసంతంలో నాలుగు దేశాల కమిషను వచ్చి తిరిగింది. సోవియట్లు, బ్రిటిషువాళ్లు, అమెరికన్లు, ఫ్రెంచివాళ్లు తలొక గీత పెట్టారు, చివరికి ఫ్రెంచి గీత ఆధారంగా రాజీ కుదిరింది. 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో సంతకాలు, సెప్టెంబరు 15 నుంచి అమలు. వాళ్ల లెక్క ప్రకారం పట్టణంలో ఇటాలియన్లు ఎక్కువ, పల్లెల్లో స్లొవీనులు ఎక్కువ. కానీ పట్టణం, పల్లె ఒకదాని మీద ఒకటి బతికేవన్న సంగతి ఏ లెక్కలోకీ రాలేదు. నా బాధంతా అక్కడే. ఊరు కోశారు అనగానే పల్లెవాళ్లకు జరిగింది వెనక్కిపోతుంది. అటు ఇటలీలోనూ ష్తాంద్రెజ్, పోద్గోరా లాంటి చోట్ల స్లొవీనులు ఉండిపోయారు, వాళ్ల ఊసే ఎవరూ ఎత్తరు.

భాస్కరం: సరే, పల్లెల దగ్గరికే వస్తాను. మీరెన్ శ్మశానం గురించి చెప్పమ్మా, నేను ఆపను.

సుజాత: మీరెన్ దక్షిణాన ఉన్న పల్లె. గీత ఆ ఊరి శ్మశానం గుండా పోయింది. సమాధుల మధ్య ముళ్లతీగ వేశారు. తల్లి సమాధికి పూలు పెట్టాలంటే సరిహద్దు నియమాలు అడ్డొచ్చేవి. 1970ల మధ్యలో సరిహద్దును సరిచేసేదాకా దాదాపు మూడు దశాబ్దాలు అలాగే సాగింది. ఇప్పుడు అక్కడ చిన్న మ్యూజియం ఉంది. కోస్తాన్యెవిత్సా కొండ మీది మఠం సంగతి ఇంకో తీరు. ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ గద్దె దిగి తిరిగి తిరిగి 1836లో గోరీత్సియాలో కలరాతో చనిపోయాడు. ప్రాణం పోయిన భవనం ఇవాళ ఇటలీలో ఉంది, సమాధి ఉన్న ఆ మఠం స్లొవేనియాలో ఉంది.

భాస్కరం: చూశావా, చచ్చినవాళ్లను కూడా కోశారు.

సుజాత: మాష్టారూ, ఇది హాస్యమాడే చోటు కాదు.

భాస్కరం: కాదు, నిజమే. చీపుర్ల సంగతి నువ్వే చెప్పు మరి.

సుజాత: 1950 ఆగస్టు 13, ఆదివారం. సరిహద్దు దగ్గర అటూ ఇటూ ఉన్న బంధువులు కలుసుకోవచ్చని మాట పాకింది. యుగోస్లావియా వైపు నుంచి వేల మంది చేరారు. కాసేపు ఆగి, ఇక ఆగలేక, కాపలావాళ్లను తోసుకుని గోరీత్సియాలోకి నడిచిపోయారు. సెలవు రోజైనా దుకాణాలవాళ్లు తలుపులు తెరిచారు. అప్పట్లో యుగోస్లావియాలో అన్నిటికీ కరువే కాబట్టి దొరికింది కొన్నారు, అందులో ముఖ్యంగా చీపుర్లు. సాయంత్రం చంకలో చీపుర్లతో వెనక్కి నడిచి వచ్చారు. అందుకే చీపుర్ల ఆదివారం అనే పేరు మిగిలింది. అంత దూకుడుగా సరిహద్దు దాటినవాళ్లు ఇల్లు ఊడ్చుకోవడానికి దాటారు చూడండి! తర్వాత 1955లో ఉదినెలో కుదిరిన ఒప్పందంతో సరిహద్దు పల్లెలవాళ్లకు పాసులు వచ్చాయి, పొలానికీ సంతకూ పోవడం మళ్లీ మొదలైంది. బెర్లిన్ గోడ లేచింది 1961లో. అప్పటికి ఇక్కడ రాకపోకలు సాగుతున్నాయి.

భాస్కరం: సాగాయి. సోల్కాన్ రైలు వంతెన గురించి ఒక్క నిమిషం.

సుజాత: రెండో రూపాయి.

భాస్కరం: రెండేనా? తక్కువే. చెక్కిన రాయితో కట్టిన రైలు వంతెనల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద కమాను అదే, 85 మీటర్లు. నాలుగున్నర వేల పైచిలుకు రాళ్లు. 1905లో పూర్తయింది. 1916 ఆగస్టులో ఇటలీ సైన్యం గోరీత్సియాలోకి వస్తుంటే, వెనక్కి తగ్గే ఆస్ట్రియా సైన్యం దాన్ని పేల్చేసింది. 1925 నుంచి 1927 దాకా ఇటాలియన్లు మళ్లీ రాయితోనే కట్టారు. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి పెద్ద కమాను భుజం మీది చిన్న కమానులు లెక్కపెట్టు. పాతదానికి ఐదు, కొత్తదానికి నాలుగు. కట్టిన దేశం, పేల్చిన దేశం ఆస్ట్రియా, తిరిగి కట్టింది ఇటలీ, వాడుకున్నది యుగోస్లావియా, ఇవాళ చూసుకుంటున్నది స్లొవేనియా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ నది మీద పన్నెండు యుద్ధాలు జరిగాయి, 1917 అక్టోబరులో కోబరీద్ దగ్గర చివరిది. ఊళ్లకు ఊళ్లు మట్టిలో కలిశాయి. పల్లెల గోడు నాకు తెలియదనుకోకు. వంతెన మీద నిలబడి చూస్తే ఆ పల్లెలే కనిపిస్తాయి.

సుజాత: అది ఒప్పుకుంటాను. పల్లెల గోడంటే ఆ లోయ ఆడవాళ్ల మాట కూడా రావాలి. సూయెజ్ కాలువ తవ్వకం కాలం నుంచి, మొదటి యుద్ధం తర్వాత మరీ ఎక్కువగా, విపావా దిగువ పల్లెల ఆడవాళ్లు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు ఆయాలుగా, పనిమనుషులుగా వెళ్లారు. కొందరు చంటిబిడ్డలను ఇంట్లో వదిలి పరాయి బిడ్డలకు పాలిచ్చారు. ఇంటి అప్పులు ఆ డబ్బుతో తీరాయి. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లే మన ఆడవాళ్ల ఇళ్లలో ఈ కథ కొత్తగా వినిపించదు. వీళ్లను అలెక్సాంద్రింకె అంటారు, ప్రవాచినాలో వీళ్లకొక మ్యూజియం ఉంది. వాళ్ల డబ్బు ఖర్చయిన సంత కూడా గోరీత్సియాలోదే.

భాస్కరం: రావ్నికర్ ఎదురుచూస్తున్నాడు.

సుజాత: అవును, పాపం. పట్టణం గీతకు అవతల ఉండిపోయిన పల్లెలకు కొత్త పట్టణంగా నోవా గోరిత్సాకు 1948 జూన్ 13న శంకుస్థాపన జరిగింది. రావ్నికర్ లుబ్లియానాలో వాస్తుశిల్పి ప్లెచ్నిక్ దగ్గర చదివి, పారిస్‌లో మరో పేరున్న వాస్తుశిల్పి లె కోర్బూజియే దగ్గర పనిచేసినవాడు. పచ్చదనం మధ్యలో విడివిడి భవనాలు, నడుమ మగిస్త్రాలా అనే విశాలమైన వీధి, సరిహద్దు అవతలికి కూడా వెలుగులు కనిపించేంత దర్పమైన ఊరు, ఇదీ ఆలోచన. యువదళాలు వచ్చి తవ్వాయి. శంకుస్థాపన జరిగిన 15 రోజులకే, జూన్ 28న, స్టాలిన్ కూటమి యుగోస్లావియాను వెలివేసింది. డబ్బూ సరుకూ తగ్గిపోయాయి. రష్యా ఇళ్లు అని పిలిచే మొదటి కొన్ని భవనాలు లేచాయి, నమూనాలో చాలా భాగం కాగితం మీదే ఆగింది. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టారు.

భాస్కరం: తర్వాత జూదశాలలు వచ్చాయి, ఇటలీ నుంచి కార్లు వచ్చాయి. దర్పం ఆ రూపంలో తీరింది.

సుజాత: అది మీ ఎగతాళి. 2004లో స్టేషను ముందు కంచె తీశారు, 2007 డిసెంబరులో తనిఖీలే పోయాయి, 2025లో రెండు ఊళ్లూ కలిసి యూరోపు సాంస్కృతిక రాజధానిగా ఉన్నాయి.

భాస్కరం: 2020 మార్చిలో కోవిడ్ రాగానే అదే చౌకులో తీగ కంచె మళ్లీ వేశారు. అది కూడా చెప్పు.

సుజాత: జూన్‌లో తీసేశారు.

భాస్కరం: మూడు నెలలు చాలదా? ఇటుపక్క అమ్మమ్మ, అటుపక్క మనవడు, మధ్యలో తీగ. అది కోసిన ఊరు కాదంటావా?

సుజాత: 2020లో అంటాను. 1947లో అనను. ఈ మధ్యలో రెండు ఊళ్లు ఒకటిగా బతకడం నేర్చుకున్నాయి. కోయడానికి ఏదైనా ఉండాలంటే ముందు అది అతకాలి.

భాస్కరం: ఈ వాదన నాకు ఎక్కలేదు.

సుజాత: వచ్చే ఎపిసోడ్‌కు గోరీత్సియా పటం తెస్తాను, 1910దీ 1947దీ.

భాస్కరం: రైలు మార్గం ఉన్నదే తీసుకురా.